పెళ్ళిరాటకి కట్టిన కారు

కారుని దొంగలెత్తుకుపోకుండా జాగ్రత్తపడటం మంచిదే, నేను కాదనడం లేదు. కానీ ఆ జాగ్రత్తతో పిఠాపురంలో ఒక పెళ్ళిని ఆగిపోయేదాకా తీసుకెళ్ళిన మనిషి మీకెవరైనా తెలుసా? ఇప్పుడు తెలుసుకోబోతున్నారు. ఇదంతా విన్నాక మీ ఇంట్లో శుభకార్యానికి నన్ను పిలవాలో మానాలో మీ ఇష్టం. పిలిస్తే మాత్రం బస్సులోనే వస్తాను.

అప్పట్లో నేను రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. మేడమీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. ఇంటిగలవారి గేటు లోపల వారి స్కూటరుకీ, వారి తులసికోటకీ పోను మిగిలే చోటులో చెప్పులు విప్పుకోవచ్చు. అలాంటి ఇంట్లో ఉంటూ నేను సెకండ్ హ్యాండులో ఒక తెల్లకారు కొన్నాను. దాన్ని వీధిలో పెట్టక తప్పదు. పెట్టాను. ఆ రోజుతో నా నిద్ర సరి.

దానికి తోడు మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడొకాయన ధైర్యం చెప్పాడు.

"ఆ మోడలా మాస్టారూ! తియ్యడం దొంగలకి కొబ్బరినీళ్ళు తాగినంత సులువండి. అయినా మీరేం బెంగపెట్టుకోకండి."

ఇక బెంగ పెట్టుకోకుండా ఎలా ఉంటాను? ముందు అలారం పెట్టించాను. అది దొంగకి తప్ప అందరికీ అరిచేది. పిల్లి దూకితే అరిచేది, కొబ్బరిమట్ట రాలితే అరిచేది, పాలబ్బాయి సైకిలు బెల్లు కొడితే బదులు పలికేది. వారం తిరక్కుండా ఇంటిగలాయన మేడమీదికొచ్చి, "మాస్టారూ, మీ కారుకి ఒంట్లో బాలేదాండీ? రాత్రంతా ఏడుస్తోంది" అని పరామర్శించి వెళ్ళాడు. అలారం పీకించేసి, తలుపులు మూసే రిమోటు ఒక్కటీ ఉంచుకున్నాను.

తరవాత ధవళేశ్వరంలో పాత ఇనుము కొట్టుకి వెళ్ళి ఇసుక పడవల గొలుసు ఒకటి బేరమాడాను. ఒక్కో లింకూ నా బొటనవేలంత లావు.

"ఏనుగుని కట్టెయ్యడానికాండీ?" అన్నాడు కొట్టువాడు.

"కాదు, కారుకి."

"ఎక్కడికన్నా పారిపోతోందాండీ?"

నేను డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను. అజ్ఞానులతో వాదించకూడదని నా నమ్మకం. అజ్ఞాని ఎవరో అప్పటికింకా తేలలేదు.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం వెనక చక్రం సందుల్లోంచి గొలుసు దూర్చి, కరెంటు స్తంభం చుట్టూ తిప్పి, కొబ్బరికాయంత తాళం వేసేవాణ్ణి. అయినా పడుకోబోయే ముందు కిటికీలోంచి తొంగి చూసేవాణ్ణి. మా ఆవిడ సుభద్ర ఒకరోజు విసిగిపోయి, "పెళ్ళయినప్పటి నుంచీ నేను ఇంట్లో ఉన్నానో లేదో ఇలా ఒక్కసారైనా చూసుకున్నారా?" అంది. నిజమే. కానీ సుభద్రని ఎవరైనా ఎత్తుకుపోతారని నాకెప్పుడూ భయం వెయ్యలేదు. ఈ మాట పైకి అనకుండా ఉండటమొక్కటే ఆ రోజుల్లో నేను చేసిన తెలివైన పని.

అంతలో మా మరదలు లలితకి పెళ్ళి కుదిరింది. పిఠాపురంలో మా మామగారు సూర్రావుగారింట్లో, వీధికి అడ్డంగా పందిరి వేసి పెళ్ళి. వియ్యంకుడు తునిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన రామ్మూర్తి మాస్టారు. ఆయన నియమాల మనిషి. సంబంధం మాట్లాడుకున్నరోజే, "పిల్లని తప్ప మాకేమీ ఇవ్వకూడదండి. ఒక్క గరిటె ఇచ్చినా పెళ్ళి పీటలమీదే ఆగిపోతుంది" అని చెప్పేశారు. మా మామగారికి ఆయనంటే గౌరవం, భయం సమపాళ్ళలో ఉండేవి.

మా మామగారు నాకు ఫోన్ చేశారు. "అల్లుడుగారూ, మీ కారు ఉంది కదండీ. విడిదినుంచి పెళ్ళికొడుకుని అందులో తీసుకొస్తే, పెద్దల్లుడి కారులో వచ్చాడని మనకీ గౌరవంగా ఉంటుందండి."

"అంతకన్నానా అండీ!" అన్నాను. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళకూడదంటారు. నేను పిల్లిని ఇంట్లోనే వదిలి, గొలుసుని డిక్కీలో పెట్టుకెళ్ళాను.

మేము పిఠాపురం చేరేసరికి మునిమాపు వేళయింది. కరెంటు లేదు. మామగారి వీధి అసలే సన్నం, అందులో పందిరి. కారుని పందిరి ముఖం దగ్గర సందు చూసి ఇరికించాను. గొలుసు పట్టుకుని దిగి స్తంభం కోసం వెతికాను. దగ్గరలో కరెంటు స్తంభం లేదు. కానీ పందిరికి ఈశాన్యం మూల, నా వెనక చక్రం పక్కనే, ఒక గుంజ కనబడింది. డెకరేషనువాళ్ళు పందిరి గుంజలన్నిటికీ చుట్టినట్టే దానికీ గులాబీరంగు గుడ్డ చుట్టారు. ఊపి చూశాను, కదల్లేదు. గొలుసు రెండు చుట్లు తిప్పి తాళం వేసి చేతులు దులుపుకున్నాను.

అది పెళ్ళిరాట.

రాట అంటే ఏమిటో నాకు తెలియక కాదు. శుభముహూర్తం చూసి, పచ్చికర్ర పాతి, పసుపు పూసి, నవధాన్యాల మూట కట్టి పెట్టే గుంజ. పెళ్ళి అయ్యాక కూడా పదహారు రోజుల పండగ దాకా దాన్ని కదపకూడదు. నా పెళ్ళిలోనూ వేశారు. కానీ ఆ పెళ్ళిలో నేను చూడవలసినది ఇంకొకరుండగా రాటని ఎందుకు చూస్తాను?

ఇక తాళంచెవులు. కారు తాళంచెవి నా మొలతాడుకి కట్టుకున్నాను. గొలుసు తాళంచెవి, కారుకున్న రెండో తాళంచెవి ఇంకో రింగుకి ఉన్నాయి. అన్నీ ఒకచోట ఉంటే దొంగకి సుఖం కదా! చుట్టాలతో కిటకిటలాడే ఇంట్లో ఆ రింగుని ఎక్కడ దాచడం? సామానుగది లోపల కొత్త బుట్టలు వరసగా ఉన్నాయి. కాజాలు, బూందీ లడ్లు, పూతరేకులు. పైన పసుపు కాగితం కప్పి దారంతో కట్టేశారు. ఇంత ముచ్చటగా కట్టినవాటిని పెళ్ళయ్యేదాకా ఎవరూ విప్పరని లెక్క వేశాను. లెక్కలు చెప్పి బతికేవాణ్ణి కదా. రింగుని కాజాల బుట్టలోకి జారవిడిచి, కాగితం సర్ది, హాయిగా పడుకున్నాను. చాలాకాలానికి పట్టిన నిద్ర అది. పెళ్ళివారి హడావుడికి కూడా మెలకువ రాలేదు.

తెల్లవారాక మెలకువొచ్చింది మా అత్తగారి కేకకి. ఆవిడ ముత్తయిదువలతో రాటకి పసుపు రాయడానికొచ్చి గులాబీ గుడ్డ పక్కకి జరిపారు.

"సుభద్రా! ఎవడే వీడు, రాటకి గేదెని కట్టేసినట్టు గొలుసు కట్టాడు!"

"గేదె కాదమ్మా," అంటున్న మా ఆవిడ గొంతు వినబడింది. "మీ అల్లుడుగారి కారు."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా గోదావరి జిల్లాల్లో అల్లుణ్ణి తిట్టకూడదు. కోపం పెరిగేకొద్దీ మర్యాద పెంచుకుంటూ పోవాలి. మా మామగారు మామూలుగా నన్ను 'మీరు' అంటారు. చిరాకు వస్తే 'తమరు' అంటారు. అత్తగారు అసలు నాతో మాట్లాడటం మానేసి, నేను ఎదురుగా ఉండగానే కూతురితో మాట్లాడతారు.

నేను వెళ్ళేసరికి కారు చుట్టూ ఊరేగింపుకి సరిపడా జనం. పూలవాడు అంతకుముందే వచ్చి కారు నిండా బంతిపూలూ చామంతులూ కట్టి వెళ్ళాడు. కారు పెళ్ళికూతురిలా ఉంది. పందిరి ముఖానికి అడ్డంగా కూడా ఉంది. అది కదిలితే తప్ప మేళంవాళ్ళు లోపలికి రాలేరు, పెళ్ళికొడుకు రాలేడు, వంటవాళ్ళ వ్యాను రాలేదు.

"మరేం ఫర్వాలేదండి అల్లుడుగారూ," అన్నారు మామగారు. "గొలుసు విప్పెయ్యండి."

"ఇప్పుడే తాళంచెవి తెస్తానండి" అని సామానుగదిలోకి పరిగెత్తాను. గది ఖాళీగా ఉంది. మా బావమరిది శీను అక్కడ చీపురు పట్టుకుని నిలబడ్డాడు.

"శీనూ, ఇక్కడ బుట్టలుండాలి..."

"విడిదికి పంపించేశాం బావా. మగపెళ్ళివారికి పొద్దున్న ఫలహారాలు కదా."

నా మొహంలో రంగు చూసి వాడు చీపురు కింద పెట్టేశాడు. వాడికి చెప్పాను. వాడు మామగారికి చెప్పాడు. మామగారు కళ్ళు మూసుకుని తెరిచారు.

"తమరు తాళంచెవి కాజాల్లో పెట్టారు."

"అవునండి."

"దొంగల భయానికి."

"అవునండి. ఎవరినైనా పంపించి బుట్ట వెనక్కి..."

"మగపెళ్ళివారికి పంపిన కాజాలు వెనక్కి తెప్పించమంటారు తమరు," అన్నారాయన చాలా నెమ్మదిగా. "పోనీ ఊరంతా దండోరా వేయించమంటారా? పేపర్లో వేయించమంటారా? తమరెలా సెలవిస్తే అలాగండి."

గొలుసు కోద్దామంటే రంపం పళ్ళు ఊడాయి గానీ దానికి గీత పడలేదు. మిషను పెట్టి కోద్దామంటే నిప్పురవ్వలకి పందిరి గుడ్డలు అంటుకుంటాయి. గొలుసుని పైకి జరిపి తీద్దామంటే రాట తలమీద పందిరి వాసాలు కట్టేసి ఉన్నాయి.

శీను రాటని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "బావా, నిజానికి ఇది కర్రే కదా. మట్టి తవ్వితే చిటికెలో ఊడొచ్చేస్తుంది. దొంగ అయితే ఈపాటికి..."

"చెయ్యి తియ్యరా!" అన్నారు అత్తగారు. "రాట కదిపితే ఇంకేమన్నా ఉందా? సుభద్రా, అల్లుడుగారితో చెప్పు. కారుని అక్కడే ఉంచుకుని కావాలంటే మన ఇల్లు జరుపుకోమను."

అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. నేను కనిపెట్టిన కట్టుబాటు దొంగని ఆపదు. దొంగకి రాటేమిటి, గుంజేమిటి? అది ఆపేది ఆచారమున్న మర్యాదస్థుల్ని మాత్రమే. ఆ క్షణాన పిఠాపురం మొత్తమ్మీద నా కారుని తియ్యలేనివాళ్ళు దాని సొంతదార్లొక్కళ్ళే.

చివరికి పంతులుగారు మంత్రాల పుస్తకం మూసి, "కారు నుంచి చక్రం విప్పొచ్చు కదండీ?" అన్నారు. అందరం ఆయనకి దండం పెట్టాం. జాకీ వేసి వెనక చక్రం విప్పి, డిక్కీలో ఉన్న స్పేరు చక్రం బిగించాం. విప్పిన చక్రం గొలుసుతో సహా రాట దగ్గరే ఉండిపోయింది. అత్తగారు ఒక్క నిట్టూర్పు విడిచి, రాటకి రాసిన చేత్తోనే దానికీ పసుపు రాసి బొట్టు పెట్టారు.

అంతా చక్కబడిందనుకునేలోపు మామగారి ఫోను మోగింది. ఆయన వింటూ వింటూ పీట మీద కూలబడ్డారు.

"మాస్టారండి," అన్నారు ఫోను కింద పెట్టి. "కాజాల బుట్టలో కారు తాళం దొరికిందట. ఎవరికీ తెలియకుండా అల్లుడికి కారు ఇస్తున్నామా, మా మాటకి విలువ ఇంతేనా అని అడుగుతున్నారు. మావాళ్ళెవరూ విడిది గుమ్మం దిగరు అన్నారు."

లోపల పెళ్ళికూతురి అలంకారంలో ఉన్న లలిత కిటికీలోంచి ఇటే చూస్తోంది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. సిగ్గేసింది. ముహూర్తం దగ్గరపడుతోంది. నేనూ మామగారూ ఆ పూలకారే ఎక్కి విడిదికి బయల్దేరాం. ఇంకో బండిలో వెళ్ళి ఉంటే సగం గొడవ తప్పేది. కానీ కంగారులో ఉన్నవాడికి ఎదురుగా ఉన్న తప్పే ముందు చేతికొస్తుంది.

విడిది మెట్ల మీద రామ్మూర్తి మాస్టారు నిలబడి ఉన్నారు. తెల్లపంచె, తెల్లచొక్కా, చేతిలో పళ్ళెం. పళ్ళెంలో కాజాలు, వాటి మీద నా రింగు. మగపెళ్ళివారంతా ఆయన వెనక.

"మీరు ఇవ్వలేదంటారు," అన్నారాయన.

"ఇవ్వలేదండి మాస్టారూ," అన్నారు మామగారు.

మాస్టారు పాకం అంటిన ఆ తాళంచెవి తీసుకుని బటను నొక్కారు. ఎదురుగా నెత్తినిండా పూలతో నిలబడ్డ నా కారు, కన్నుగొట్టినట్టు దీపాలు వెలిగించి, కుయ్ కుయ్ మంది.

మగపెళ్ళివారంతా ఒక్కసారి, "అదిగో!" అన్నారు.

"ఇప్పుడేమంటారండీ సూర్రావుగారూ?"

మామగారు నా వైపు చూశారు. "తమరు చెబుతారాండీ," అన్నారు. ఆ 'తమరు'లో ఆయన జీవితకాలపు మర్యాదంతా ఉంది.

నేను ముందుకి వెళ్ళాను. "కారు నాదండి మాస్టారూ."

"మీదైతే తాళం మాకెందుకు పంపారు?"

"పంపలేదండి, దాచానండి. దొంగల భయానికి."

"దొంగల భయానికి మా ఫలహారంలో దాచారా? అంటే మేము..."

"అయ్యయ్యో, మీరు కాదండి! దొంగలు వేరే ఉన్నారండి. అంటే ఇంకా రాలేదండి."

"ఈ రెండో తాళంచెవి దేనిది?"

"గొలుసుదండి. పడవ గొలుసు. కారుని దాంతో కట్టేశానండి."

"దేనికి కట్టారు?"

"రాటకండి."

"ఏ రాట?"

"పెళ్ళిరాటండి. మీ అబ్బాయిగారి పెళ్ళి రాటే. చీకట్లో గుంజ అనుకున్నాను. ఇప్పుడు రాట కదపకూడదు కాబట్టి చక్రం అక్కడే ఉంది. కావాలంటే చూడండి. మూడు చక్రాల రేకులు తెల్లవి, ఈ స్పేరుదొక్కటీ నల్లది."

మాస్టారు మెట్లు దిగి, పంచె ఎగ్గట్టి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. నల్లచక్రం దగ్గర ఆగి వంగి చూశారు. ఎంతసేపటికీ లేవరు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని మామగారు దగ్గరికి వెళ్ళబోయారు. ఏడవడం కాదు, ఆయన నవ్వు ఆపుకోలేకపోతున్నారు.

"బడిలో ఎన్నో అబద్ధాలు విన్నానండి సూర్రావుగారూ," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "ఇలాంటిది అబద్ధంగా కల్పించడం ఎవరివల్లా కాదు. నిజమే అయ్యుంటుంది. పదండి, పెళ్ళి చేద్దాం." తరవాత తాళంచెవుల రింగు నా అరచేతిలో పెట్టి, "కాజాలు మాత్రం మాకే కదండీ?" అన్నారు.

పెళ్ళి జరిగింది. లలిత మెడలో తాళి పడుతుంటే అందరికన్నా ఎక్కువ అక్షింతలు వేసింది నేనే. ఎక్కువ కళ్ళనీళ్ళు పెట్టుకున్నదీ నేనే. భోజనాలయ్యాక తాళంచెవి తీసుకుని చక్రం విప్పబోతే అత్తగారు గుమ్మంలోంచి, "సుభద్రా, అల్లుడుగారితో చెప్పు. రాటతోపాటు పూజ జరిగిపోయింది. పదహారు రోజుల పండగకి రాటతోనే తీద్దాం" అన్నారు. పెళ్ళి ఫొటోలన్నిటిలోనూ రాట పక్కన ఆ చక్రం బొట్టు పెట్టుకుని, దూరపు చుట్టంలా కూర్చుని ఉంటుంది.

నల్లచక్రంతో రాజమండ్రి తిరిగొచ్చాం. గొలుసు పిఠాపురంలో ఉండిపోయింది కాబట్టి కారుని వీధిలో ఊరికే వదిలెయ్యాల్సి వచ్చింది. కిటికీ దగ్గర నా కాపలా మళ్ళీ మొదలు. ఎవరూ కారుని ముట్టుకోలేదు. ఒక కుక్క మాత్రం దాని కింద పడుకోవడం అలవాటు చేసుకుంది.

పండగ ఇంకా రాకముందే ఒక పొద్దున్న మామగారు ఫోన్ చేశారు.

"అల్లుడుగారూ, తమరేమీ కంగారుపడకండి. రాట భద్రంగా ఉంది."

'తమరు' వినగానే లేచి నిలబడ్డాను. "చక్రమండీ?"

"అదే చెబుతున్నానండి. టెంటువాళ్ళు పందిరి విప్పుకుని వెళ్ళారు కదండీ, రాటొక్కటే మిగిలింది. పైన వాసాలు లేవు. ఎవడో పుణ్యాత్ముడు గొలుసుని పైకి జరిపి, రాట తలమీదుగా తీసేసుకుని, చక్రాన్నీ, గొలుసునీ, తాళాన్నీ కలిపి పట్టుకుపోయాడండి. రాటకి పసుపు కూడా చెదరలేదు. వెళ్ళేముందు దండం కూడా పెట్టుకునే ఉంటాడండి."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. నేను రాటకి కట్టాను, వాడు రాట తలదాటించాడు. దొంగకి ఆచారం లేదని తేలిగ్గా మాట్లాడాను. ఈ మొత్తం వ్యవహారంలో రాటతో పద్ధతిగా నడుచుకున్నవాడు వాడొక్కడే. రాజమండ్రి వీధిలో ఏ కట్టూ లేని కారు నిక్షేపంలా ఉండగా, పడవ గొలుసుతో కట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఇంటిల్లిపాదీ కాపలా ఉన్న చక్రం పోయింది.

కనుక నిండు గోదావరి సాక్షిగా, పోయిన నా చక్రం మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో ఏ వాహనాన్నీ ఏ గుంజకీ కట్టను. శుభకార్యం జరిగే ఇంట్లో ఏ వస్తువునీ ఏ తినుబండారంలోనూ దాచను. కారుని వీధిలో పెట్టి, తలుపు తాళం వేసి, కింద పడుకున్న కుక్కకి ఒక బిస్కెట్టు వేసి, పైకి వెళ్ళి పడుకుంటాను. ఆ గొలుసుకున్న తాళంచెవి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పాపం, ఆ దొంగ తాళం తియ్యలేక ఎక్కడ అవస్థ పడుతున్నాడో. ఎప్పుడైనా దారిలో కనిపిస్తే ఇచ్చేద్దామని జేబులో వేసుకునే తిరుగుతున్నాను.